కలెక్షన్ వాళ్లకు కట్టే ముందు లెటర్ అడగండి

పాత బాకీ గురించి కలెక్షన్ ఏజెంట్ ఫోన్ చేసి "ఇవాళే ఎంతో కొంత వేసేయండి" అని తొందరపెడితే వెంటనే డబ్బు పంపకండి. అప్పు ఏ ఖాతాది, అసలెంత, వడ్డీ ఎంత, వసూలు చేసే అధికారం వీళ్లకు ఉందా అన్నవి రాతపూర్వకంగా పంపమనండి. బాగా పాత అప్పయితే మరీ జాగ్రత్త. చాలా దేశాల్లో కొంచెం కట్టినా సరే, అప్పిచ్చినవాళ్లు కోర్టుకెళ్లే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కలోకి రావచ్చు.

తగ్గించి కట్టమంటే ఆశ పుడుతుంది. కానీ అలా తేల్చుకున్న ఖాతా మీ క్రెడిట్ రిపోర్టులో (మీ అప్పుల చరిత్ర ఉండే పత్రం) 'సెటిల్డ్' అని పడుతుంది, కొత్త అప్పు ఇచ్చేవాళ్లకు అది అంతగా నచ్చదు. స్తోమత ఉంటే మొత్తం కట్టడమే మేలు. లేదంటే అలాగే వదిలేసేకన్నా సెటిల్‌మెంటే నయం. ఏదైనా సరే, ఖాతా నంబరు, కట్టాల్సిన మొత్తం, రిపోర్టులో ఏమని రాయిస్తారో ఉన్న లెటర్ చేతికొచ్చాకే కట్టండి. రసీదు మాత్రం ఎన్నేళ్లయినా పారేయొద్దు. తీరిన బాకీకే ఇంకో ఏజెన్సీ నుంచి ఫోన్ రావడం ఉన్నదే.

రెండు నెలలాగి రిపోర్టు తీయండి. మారకపోతే ఆ కాగితాలు జతచేసి ఆ రిపోర్టు తయారుచేసే క్రెడిట్ బ్యూరోలో డిస్ప్యూట్ (తప్పుందని ఫిర్యాదు) పెట్టండి. ఫీజు తీసుకుని క్రెడిట్ స్కోరు పెంచుతామనేవాళ్ల జోలికి పోవద్దు, నిజంగా ఎగ్గొట్టిన ఎంట్రీని తీయించే హక్కు వాళ్లకూ లేదు.