లండన్‌కి కొత్తగా వచ్చారా? కలిసి బొమ్మలు చూద్దాం రండి

లండన్‌లో మొదటి నెలలు అద్దె ఇల్లు, బ్యాంక్ అకౌంట్, జీపీ (మన పేటలోని డాక్టరు) దగ్గర పేరు రాయించుకోవడం, ఉద్యోగం టెన్షన్‌తోనే గడిచిపోతాయి. అవి కాస్త కుదుటపడ్డాక ఒక శనివారం మ్యూజియానికి పెట్టుకోండి. ఒంటరిగా కాదు, మరో నలుగురు తెలుగువాళ్లతో. మేం కొందరం అలాగే వెళ్తుంటాం, చూసినదాని గురించి తెలుగులోనే మాట్లాడుకుంటాం. మీ చుట్టుపక్కల అలాంటివాళ్లు లేకపోతే మీరే మొదలుపెట్టండి. ఎనిమిది మంది దాటనివ్వకండి. దాటితే వెనకున్నవాళ్లకి బొమ్మా కనిపించదు, మాటా వినిపించదు.

ఖర్చు గురించి బెంగ అక్కర్లేదు. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, వీ అండ్ ఏ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం), టేట్ మోడర్న్ అన్నీ ఉచితమే, ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం టికెట్ కొనాలి. ఇల్ఫర్డ్, స్లౌ, రెడింగ్‌ల నుంచి ఎలిజబెత్ లైన్ ఎక్కితే టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో దిగొచ్చు, అక్కణ్నుంచి బ్రిటిష్ మ్యూజియం నడక దూరమే. శుక్రవారాల్లో అది రాత్రి దాకా తెరిచి ఉంటుంది కాబట్టి ఆఫీసు నుంచి నేరుగా వచ్చేవాళ్లకీ వీలు.

వెళ్లిన రోజే అంతా చూసేయాలనుకోవద్దు. కాళ్లు నొప్పులు తప్ప ఏమీ మిగలదు. ఒకటో రెండో ఎంచుకుని, వాటి ముందు అరగంట నిలబడండి. మొదటిసారికి నేషనల్ గ్యాలరీలో చిత్రకారుడు హోల్బైన్ 1533లో వేసిన ‘ది అంబాసిడర్స్’ బాగుంటుంది. నిలువెత్తు మనుషులిద్దరు, మధ్యలో అల్మారా మీద గ్లోబులు, పుస్తకం, తీగ తెగిన వీణలాంటి వాయిద్యం. వాళ్ల కాళ్ల దగ్గర ఏటవాలుగా ఏదో తెల్లటి మరక. అదేమిటో ఎవరూ ముందే చెప్పకూడదు. ఒక్కొక్కర్నీ కుడివైపు అంచు దగ్గరికి పంపి చూడమనండి. ఆ మరక పుర్రెగా మారడం ఎవరికి వాళ్లు కనిపెట్టాలి. ఇక మాటలు వాటంతటవే వస్తాయి.

అయితే తెలుగువాళ్లు ముందుగా చూడాల్సింది, నన్నడిగితే, బ్రిటిష్ మ్యూజియం 33ఎ గది. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయి. ఆ గది ఆ రోజు తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోండి. పల్నాటి సున్నపురాయి మీద రెండు వైపులా చెక్కిన పలక ఒకటుంది. ఒకవైపు బోధివృక్షం కింద ఖాళీ సింహాసనం, చుట్టూ దణ్ణం పెట్టేవాళ్లు. బుద్ధుడి రూపం ఉండదు. కొన్ని శతాబ్దాల తర్వాత అదే రాయిని తిప్పి రెండోవైపు స్తూపాన్ని చెక్కారు, అందులో బుద్ధుడు నిలబడి ఉంటాడు. ఆ రెండు చెక్కడాల మధ్య కాలంలో ఏం మారింది? చరిత్ర చదవకపోయినా ఈ ప్రశ్న మీద ఎవరైనా మాట్లాడగలరు.

ఇక్కడ వాదన కూడా తప్పదు. ‘మనవి ఎత్తుకొచ్చారు’ అని ఒకరంటారు. ‘అక్కడే ఉంటే సున్నమైపోయేవి’ అని ఇంకొకరు. రెంటికీ ఆధారముంది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో పట్నం కట్టించేటప్పుడు ఆ స్తూపం దిబ్బలోని రాళ్లు తవ్వి వాడుకున్నారు, కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, 1859లో చాలామటుకు ఓడెక్కి ఇక్కడికొచ్చాయి. మద్రాసులో మిగిలినవి ఇప్పటికీ ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. మాట పెరిగితే పెరగనివ్వండి, గొంతు మాత్రం పెంచకండి, పక్కన ఇతరులు చూస్తుంటారు.

మాట్లాడేటప్పుడు మొదటి వంతు కొత్తవాళ్లకివ్వండి, బాగా తెలిసినవాళ్లు చివర్న. పక్కన మ్యూజియం వాళ్లు పెట్టిన వివరాలు ముందే చదివేస్తే కళ్లు పనిచేయడం మానేస్తాయి, చూశాక చదవండి. ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీసుకోవచ్చు, పెన్సిల్‌తో బొమ్మ గీసుకోవచ్చు. గదుల్లో తినకూడదు. పులిహోర తెచ్చుకుంటే దగ్గర్లోని రస్సెల్ స్క్వేర్ పార్కులో బెంచీల మీద కూర్చుని మిగతా కబుర్లు చెప్పుకోండి.

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే తప్పకుండా తీసుకురండి. శిల్పాల్లోని కడియాలు, కుండలు, తలకట్లు వాళ్లు మనకంటే ముందు గుర్తుపడతారు. ఎక్కువసేపు నిలబడలేకపోతే మడత స్టూలు గానీ వీల్‌చెయిర్ గానీ అడగండి, డబ్బు తీసుకోరు.