సదరన్ గ్రీన్ బీన్స్ కుదరడం లేదా? తేడా ఎక్కడొచ్చిందో చూడండి

అమెరికా దక్షిణాది రాష్ట్రాలైన జార్జియా, అలబామా, టెన్నెసీ వైపు గ్రీన్ బీన్స్ అంటే కరకరలాడే కూర కాదు. బేకన్‌తోనో (ఉప్పుపట్టించిన పంది మాంసపు పలుచటి ముక్కలు) పొగబెట్టిన హ్యామ్ హాక్‌తోనో (పంది కాలి గిట్ట పైభాగం) కలిపి, ఉల్లిపాయ వేసి, సన్నసెగ మీద గంట దాకా మగ్గనిచ్చే కూర. 2 పౌండ్ల (సుమారు 900 గ్రాములు) కాయకు 4-5 బేకన్ ముక్కలు, ఒక పెద్ద ఉల్లిపాయ, కాయ మునిగీ మునగనంత చికెన్ బ్రాత్ (కోడి ఉడికించిన రసం) సరిపోతాయి. మన బీన్స్ వేపుడు అలవాటుతో తొందరపడితేనే చాలామందికి చెడుతుంది.

పచ్చరంగు పోయి నాచురంగు వచ్చింది

ఏమీ చెడలేదు, ఈ కూర రంగే అది. ఎక్కువసేపు ఉడికితే పత్రహరితంలోని మెగ్నీషియం ఊడిపోయి రంగు మారుతుంది. పచ్చగా ఉండాలని వంటసోడా వేయకండి. రంగు నిలుస్తుంది గానీ కాయ జావైపోతుంది, సబ్బు రుచి కూడా తగులుతుంది.

గంటయినా కాయ మెత్తబడలేదు

ముందు అడగాల్సింది: వెనిగర్ గానీ టమాటా గానీ మొదట్లోనే వేశారా? పులుపు తగిలితే కాయను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ కరగదు. మనం పులుసు పెట్టేటప్పుడు చింతపండు పోయకముందే ముక్కలు ఉడికించుకునేది ఇందుకే. నీళ్లలో కాల్షియం ఎక్కువున్నా ఇదే తంతు. పులుపు పడిపోయి ఉంటే సగం రసం తీసేసి, వేడినీళ్లు పోసి, మూతపెట్టి ఇంకో అరగంట ఉంచండి. అప్పటికీ లొంగకపోతే, పైన వద్దన్న సోడానే ఇక్కడ చిటికెడు వేయొచ్చు, పులుపు విరుగుతుంది. చిటికెడు అంటే చిటికెడే.

కాయ మెత్తబడింది గానీ నోట్లో దారం తగులుతోందంటే అది ఈనె. అమెరికా దక్షిణాదిన ఇష్టంగా వండే హాఫ్ రన్నర్, పోల్ బీన్స్ రకాల్లో ఈనెలు గట్టిగా ఉంటాయి. ఎంత ఉడికించినా కరగవు. చిక్కుడుకాయకు చేసినట్టే కొస తుంచి, రెండు వైపులా లాగేసి, రెండంగుళాల ముక్కలుగా విరవాలి.

జావైపోయింది

సన్నటి ఫ్రెంచ్ రకం కాయ ఈ వంటకు ఆగదు. ఇక డబ్బా కాయ ముందే ఉడికి ఉంటుంది. నీళ్లు వంపేసి, 20-25 నిమిషాలకు మించకుండా మసాలా పట్టేదాకా ఉంచితే చాలు.

నోట పెట్టలేనంత ఉప్పు

హాక్‌లో ఉప్పు, బ్రాత్‌లో ఉప్పు, పైగా రసం ఇగిరేకొద్దీ ఇంకా ఎక్కుతుంది. ఉప్పు తక్కువున్న బ్రాత్ తెచ్చుకుని, విడిగా ఉప్పు ఆఖర్న చూసి వేయాలి. ఇప్పటికే ఎక్కువైతే సగం రసం వంపి వేడినీళ్లు పోయడమే దారి. ఆలుగడ్డ ఉప్పు పీల్చేస్తుందంటారు గానీ, అది ఉప్పుతో పాటు నీళ్లనీ పీలుస్తుంది కాబట్టి మిగిలిన రసం అంతే ఉప్పగా ఉంటుంది. అయినా చిన్న ఆలుగడ్డలు వేయండి, ఈ కూరలో అవి మామూలే. చివరి 20-25 నిమిషాల్లో వేస్తే చిదరవు.

చప్పగా ఉంది, పొగ రుచే లేదు

కాగిన మూకుట్లో బేకన్ వేస్తే కొవ్వు కరగకముందే అంచులు మాడతాయి. చల్లటి గిన్నెలోనే వేసి సన్నమంట పెట్టండి. ఆ కొవ్వు పారబోయకుండా అందులోనే ఉల్లిపాయ వేగాలి. హాక్ అయితే కాయ వేయడానికి ముందే గంటసేపు విడిగా ఉడకాలి, లేకపోతే రుచి దిగదు. పంది మాంసం తినకపోతే పొగబెట్టిన టర్కీ కాలు వాడండి, అక్కడ చాలా ఇళ్లలో అదే వాడతారు. శాకాహారులు బ్రాత్ బదులు కూరగాయల రసం పోసి, వెన్నలో ఎర్రగా వేగిన ఉల్లిపాయ, పొగబెట్టిన పాప్రికా (కారం తక్కువుండే ఎర్ర మిరపపొడి) వేసుకోవచ్చు. రుచి కొంత దగ్గరకొస్తుంది, అదే రుచి మాత్రం రాదు. దించే ముందు మిరియాలపొడి, ఒక చెంచా వెనిగర్.

పైన నూనె తేలుతోంది

రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన గడ్డకడుతుంది. చెంచాతో తీసేసి మళ్లీ సన్నసెగ మీద వేడిచేయండి. అడుగున మిగిలే రసాన్ని మాత్రం వంచేయకండి. పాట్‌లిక్కర్ అని దానికి పేరే ఉంది, కార్న్‌బ్రెడ్ (మొక్కజొన్నపిండి రొట్టె) అద్దుకుని తింటారు. వేడన్నంలో కలుపుకున్నా బాగుంటుంది.