సైనిక శిక్షణకు ముందు ఎముకలను సిద్ధం చేసుకోవడం ఎలా?

1855లో ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ కవాతు చేసిన సిపాయిల పాదాల్లో వాపును, నొప్పిని వర్ణించాడు. దాని వెనుక ఉన్నది ఎముకలోని సన్నని పగులని ఎక్స్‌రే వచ్చాకే తెలిసింది.

అగ్నివీర్ శిక్షణకు వెళ్లేవారు ముందుగా తమ స్థితిని నిజాయతీగా పరిశీలించుకోవాలి. వ్యాయామం అలవాటు లేకపోవడం, పొగతాగడం, డి విటమిన్ లోపం, స్త్రీలలో నెలసరి తప్పడం ఇలాంటి పగుళ్ల ముప్పును పెంచుతాయి. అన్నిటికన్నా పెద్ద ముప్పు, నా దృష్టిలో, పరుగును ఒక్కసారిగా పెంచడమే. ఎందుకంటే దెబ్బతిన్న ఎముక తనను తాను పునర్నిర్మించుకోవడానికి నెలలు పట్టవచ్చు, కండరం మాత్రం అంతకుముందే బలపడి మనల్ని మభ్యపెడుతుంది. అందుకే 1.6 కిలోమీటర్ల పరుగు పరీక్షకు నెలల ముందే మొదలుపెట్టి, దూరాన్ని కొద్దికొద్దిగా పెంచాలి; బరువు మోయడం ఆ తరువాతే.

మోకాలి కింద ముందెముకను బొటనవేలితో నొక్కినప్పుడు రూపాయి బిళ్లంత చోటే కలుక్కుమంటే, పరుగు ఆపి వైద్యునికి చూపించాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో పగులు కనిపించకపోవచ్చు.