నాయిన దేవరకొండల, తమ్ముడు బెంగళూర్ల, అక్క మాచర్లల: అందరికి ఒకటే ఫోన్ బిల్లు ఎట్ల పెట్టుకోవాలె

ఇంట్ల నలుగురుంటే నాలుగు తారీఖులల్ల రీఛార్జ్ అయిపోతది, అమ్మది అయిపోయిన సంగతి ఆమె కాల్ చెయ్యబోతే పోనప్పుడు గాని తెల్వదు. అందుకే చానా మంది ఫ్యామిలీ పోస్ట్‌పెయిడ్ దిక్కు చూస్తున్నరు, ఒకటి మెయిన్ నంబర్, మిగతావి దానికింద యాడ్ ఆన్, నెలకు ఒకటే బిల్లు. మరి అందరం ఒక్క జాగల లేం కద, నడుస్తదా అంటే నడుస్తది, కాకపోతే మనిషి ఏడ ఉన్నడు అన్నది కాదు, సిమ్ము ఏ సర్కిల్‌ది, అంటే ఫోన్ల లెక్కకు దేశాన్ని పంచిన ఏ ఏరియాది అన్నది చూడాలె.

2014ల రాష్ట్రం రెండైనా టెలికాం లెక్కల తెలంగాణ, ఆంధ్ర ఇప్పటికీ ఒకటే సర్కిల్, పేరు గూడ ఆంధ్రప్రదేశే. సాగర్ దాటి మాచర్ల పోయినా, ఆలంపూర్ దాటి కర్నూల్ పోయినా సిమ్ముకు సొంతూరే. అదే మక్తల్ దిక్కు కృష్ణ బ్రిడ్జి దాటి రాయచూర్ పోతే కర్ణాటక సర్కిల్, పుణె పోతే మహారాష్ట్ర, ముంబై మళ్ల సపరేట్. గట్లని భయపడకుండ్రి, దేశం లోపల రోమింగ్‌కు వేరే పైసలు కట్టే కాలం పోయింది. పనికి పుణె పోయినోళ్లయినా బెంగళూర్ల సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేటోళ్లయినా ఊర్ల తీసుకున్న సిమ్మే వాడుతుంటే ఏ తకరారు లేదు, సీదా బిల్లుల కలిపెయ్యొచ్చు.

తకరారు ఎవరితోనంటే అక్కడికి పోయి అక్కడి నంబర్ తీసుకున్నోళ్లతోని. స్టోర్‌కు పోంగనే మొదలు ఇదే అడగండ్రి, కర్ణాటక నంబర్ మా సర్కిల్ బిల్లుల కలుస్తదా అని, ఆఫర్లు ఏమున్నయి అని తర్వాత అడగొచ్చు. కలవదు అంటే పోర్టింగ్ ఉంది, 2015 జూలై నుంచి నంబర్ మారకుండనే సర్కిల్ మార్చుకోవచ్చు. ఇంగ్లీషుల పోర్ట్ అని కొట్టి స్పేస్ ఇచ్చి మీ పది అంకెల నంబర్ టైప్ చేసి 1900కు మెసేజ్ పెడితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తది, అది స్టోర్‌ల ఇయ్యాలె, నాలుగు రోజులే పనిచేస్తది, కాబట్టి దసరాకు ఊరికొచ్చినంక కొట్టండ్రి, బస్సెక్కక ముందే కొడితే వేస్ట్ అయితది. సిమ్ తీసుకుని 90 రోజులు దాటాలె, పాత పోస్ట్‌పెయిడ్ బాకీ ఉంటే కట్టాలె. వేరే సర్కిల్ అయితే అయిదు పని దినాలు పడుతది.

ఇగ పైసల లెక్క, మస్తు మంది ఈడనే గల్తీ లెక్క ఏస్తరు. ప్రీపెయిడ్‌ల చానా ప్లాన్లకు నెల అంటే 28 రోజులు, అంటే ఏడాదికి 12 కాదు 13 సార్లు రీఛార్జ్. పోస్ట్‌పెయిడ్ 12 బిల్లులే గాని బోర్డు మీద రాసిన రేటుకు 18 శాతం జీఎస్టీ పైనపడుతది, 600 ప్లాన్ అంటే చేతి నుంచి 708 పోతది. ఇంట్ల అందరిది ఏడాది ఖర్చు రెండు తీర్ల కాగితం మీద రాసి చూడండ్రి, స్టోర్ పిలగాడు చెప్పే లెక్క వాని టార్గెట్ లెక్క. కీప్యాడ్ ఫోన్ వాడే నాయినమ్మను ఇందుల అసలే ఇరికియ్యకుండ్రి, 2025 జనవరి నుంచి డేటా లేకుండ ఉత్త కాల్స్, మెసేజ్‌ల ప్యాక్‌లు వచ్చినయి, ఆమెకు అవి చాలు.

ఫ్యామిలీ ప్లాన్ అంటే అందరు ఒకటే కంపెనీ కిందికి రావాలె, మన దిక్కు అసలు ఇబ్బంది ఇదే. బెంగళూర్ల ఏదైనా నడుస్తది, అమ్రాబాద్, మన్ననూర్ దిక్కు నల్లమల అడవిల ఏ టవర్ దొరుకుతదో అదే మన కంపెనీ. అందుకని కంపెనీ తమ్ముని ఇష్టం మీద కాదు, ఊర్ల ఉన్న అమ్మానాయినల ఇంట్ల సిగ్నల్ చూసి పట్టుకోవాలె. పక్కింటోళ్ల ఫోన్‌తోని ఇంట్ల మూలమూలకు తిరిగి కాల్ చేసి చూడండ్రి, బావికాడ గూడ.

మెయిన్ నంబర్ ఎవరిది ఉండాలె అంటే నెలనెల జీతం పడేటోళ్లది, ఆటో పే పెట్టుకునేటోళ్లది. ఆ ఒక్కరు బిల్లు మరిస్తే అందరి ఫోన్లకు ఎఫెక్టే, నాయినకు బ్యాంకుల పనికి ఓటీపీ కావాల్నంటే అప్పుడు తిప్పలు. డేటా ఒక్కటే సంచిల ఉంటే తమ్ముడు క్రికెట్ చూసి పదో తారీఖుకే ఒడగొడుతడు, ఆప్‌ల ఒక్కొక్కరికి లిమిట్ పెట్టే ఆప్షన్ ఉంటే మొదటి రోజే పెట్టండ్రి, తర్వాత పెడితే లొల్లి అయితది. కొత్త సిమ్ములు తీస్తే అన్ని ఒక్కరి పేరు మీద తియ్యకుండ్రి, మనిషికి తొమ్మిదే లిమిట్, ఇప్పటికి మీ పేరు మీద ఎన్నున్నయో సర్కారు వాళ్ల సంచార్ సాథీ సైట్‌ల కనిపిస్తయి.

ఇంట్ల ఎవరన్న మిలటరీల ఉండి జమ్మూ కశ్మీర్ పోస్టింగ్ పడ్డదంటే మాత్రం పోస్ట్‌పెయిడ్‌కు ఇంకేం ఆలోచించే పని లేదు, మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తది. దుబాయ్ పోయినోళ్లను ఇందుల కలుపకుండ్రి, ఇంటర్నేషనల్ రోమింగ్ లెక్కనే వేరే, డేటా ఆన్ ఉండిపోతే ఆ బిల్లు ఈడ ఇంటిమీద పడుతది.