ఎవరు మిగిలారన్నది కాదు, మిగిలినవాళ్ళు ఎంత ఆడారన్నది చూడండి

మారతహళ్ళిలోని మా ఫ్లాట్‌లో సీజన్ నడిచినన్నాళ్ళూ శనివారం రాత్రి ఐదుగురం చేరతాం. అందరం అమెరికాలో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ఎంఎస్ చదివినవాళ్ళమే, చూసేది ఆ కాలేజీ జట్టు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. అక్కడ ఉదయం పదకొండుకి మొదలయ్యే మ్యాచ్ ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి వస్తుంది, సాయంత్రం ఆరున్నరది ఆదివారం తెల్లవారుజామున ఐదుకి. నవంబర్‌లో వాళ్ళు గడియారం మార్చాక ఇంకో గంట ఆలస్యం. ఈ ఆగస్టులో మా పిన్ని కొడుకు కూడా అక్కడే చేరబోతున్నాడు. "అన్నా, వచ్చే సీజన్‌కి టీమ్ ఎలా ఉంటుందో ముందే ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు. వాడికి నేర్పిందే ఇక్కడ రాస్తున్నాను. మీ టీమ్ వేరే అయినా పద్ధతి ఇదే.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, కానీ సంక్రాంతి వెళ్ళేదాకా అందులో ఏమీ రాయకండి. వేరే కాలేజీకి మారాలనుకునే ఆటగాళ్ళకి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2026లో జనవరి 2 నుంచి 16 దాకా తెరిచి ఉంది. చదువు పూర్తికాకముందే ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) జట్లు కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌కి వెళ్ళిపోయేవాళ్ళ సంగతి కూడా దాదాపు ఆ రోజుల్లోనే తేలుతుంది. డిసెంబర్‌లో వేసుకున్న లెక్క నీళ్ళ మీద రాతే.

రోస్టర్‌లో, అంటే జట్టు జాబితాలో, 105 మంది దాకా ఉండొచ్చు. అందరినీ చదవక్కర్లేదు. పోయిన సీజన్‌లో నిజంగా మైదానంలో ఉన్నవాళ్ళని మాత్రం తీయండి. "ఎనిమిది మంది స్టార్టర్లు (మ్యాచ్ మొదట్లోనే దిగేవాళ్ళు) తిరిగొస్తున్నారు" అని ఎవరైనా అంటే వెంటనే సంబరపడొద్దు. ఎవరికో దెబ్బ తగిలితే రెండు మ్యాచ్‌లకి మాత్రం మొదట్లోనే దిగినవాడినీ ఆ ఎనిమిదిలో కలిపేస్తారు. ఒక మ్యాచ్‌లో ఒక్కో జట్టు సుమారు 65, 70 సార్లు బంతి ఆడుతుంది. ఒక్కోసారిని స్నాప్ అంటారు. పేరు పక్కన స్టార్టర్ అని కాకుండా ఎన్ని స్నాప్‌లు ఆడాడో రాయండి. ఆ అంకెలు కాలమ్‌లో కనబడగానే ఎవరి మీద ఎంత భారం పడిందో తెలిసిపోతుంది.

అందరికంటే ముందు రాయాల్సింది ఒఫెన్సివ్ లైన్. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి అడ్డంగా నిలబడే ఐదుగురు వాళ్ళు. టీవీలో వాళ్ళ పేర్లు పెద్దగా వినబడవు. కానీ వాళ్ళు ఐదు వేళ్ళలా కలిసి కదలాలి, ఆ కలయిక ఏళ్ళ మీద గానీ రాదు. మా టీమ్‌కి 2024లో 8 గెలుపులు, 5 ఓటములు. ఆ లైన్‌లో ఆడినవాళ్ళు ఎక్కువమంది 2025కి తిరిగొచ్చారు. లైన్‌లో ఎడమ చివర నిలబడే లెఫ్ట్ ట్యాకిల్ ట్రే జూన్ డ్రాఫ్ట్‌కి వెళ్ళకుండా ఇంకో ఏడాది ఆగాడు. క్వార్టర్‌బ్యాక్ మార్సెల్ రీడ్ కూడా ఉన్నాడు. ఆ సీజన్ వరసగా 11 గెలిచి, ప్లేఆఫ్ దాకా వెళ్ళాం. లైనే మొత్తం చేసిందని అనను. కానీ నా నోట్‌బుక్‌లో ఆ జనవరి పేజీలో నమ్మకంగా రాసిన మొదటి మాట "లైన్ ఉంది" అన్నదే.

ఒక లైన్‌మన్ పనితనం మీరే చూసుకోవచ్చు. పాత మ్యాచ్ పెట్టి, మూడో డౌన్‌లో (పది గజాలు ముందుకెళ్ళడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఇంకా ఎనిమిది గజాలో పది గజాలో కావాల్సిన ప్లే దగ్గర ఆపండి. బంతిని మర్చిపోయి లెఫ్ట్ ట్యాకిల్ పాదాలే చూడండి. బంతి కదలగానే అతను వెనక్కి జారుతూ అడుగులేస్తాడు. భుజాలు ఎదుటి గోల్ వైపే ఉండి, అడుగులు చిన్నవిగా, రెండు పాదాల మధ్య దూరం మారకుండా ఉంటే పని తెలిసినవాడు. కంగారుపడి ముందే పక్కకి తిరిగిపోతే, ఎదుటివాడు లోపలి వైపు నుంచి దూరిపోతాడు. ఇలాంటి ప్లేలు పది చూడండి, అరగంట పడుతుంది. మా తమ్ముడు మొదటి సారే మూడు చోట్ల పట్టుకున్నాడు.

ఇక కొత్త కుర్రాళ్ళు. హైస్కూల్ పిల్లలకి ఐదు నక్షత్రాల దాకా రేటింగ్ ఇస్తారు. 2022లో మేం చేర్చుకున్న బ్యాచ్‌కి దేశంలోనే మొదటి ర్యాంకు. నేనైతే ఆ సంవత్సరం టైటిల్ గురించి కూడా మాట్లాడాను. ఇల్లలకగానే పండగ కాదు కదా. సెప్టెంబర్‌లో అప్పలాచియన్ స్టేట్ అనే కాలేజీతో మ్యాచ్ మాకు అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకి. 17-14తో సొంత మైదానంలో ఓడిపోయాం. అరవై నిమిషాల ఆటలో 41 నిమిషాలకు పైగా బంతి వాళ్ళ దగ్గరే ఉంది. ఎదుట ఇరవై రెండేళ్ళవాళ్ళు, ఏళ్ళుగా కలిసి ఆడినవాళ్ళు. తెల్లారేదాకా ఎవరం మాట్లాడుకోలేదు. ఆ సీజన్ 5 గెలుపులు, 7 ఓటములతో ముగిసింది.

అదే బ్యాచ్‌లోని వాల్టర్ నోలెన్, షెమార్ స్టీవర్ట్‌లని పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ 2025 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో 16, 17 స్థానాల్లో వెళ్ళారు. రేటింగ్ ఇచ్చినవాళ్ళు తప్పు చెప్పలేదన్నమాట. కానీ నోలెన్ చివరి ఏడాది ఓలే మిస్ అనే వేరే కాలేజీకి ఆడాడు. మా దగ్గరే ఉన్న స్టీవర్ట్‌కి మూడేళ్ళలో వచ్చిన సాక్‌లు (ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ని బంతి విసరకముందే పడగొట్టడం; ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం) 4.5 మాత్రమే. ఎన్ఎఫ్ఎల్ వాళ్ళు అతని ఎత్తు, వేగం, బలం చూసి రేపటి కోసం తీసుకుంటారు. మనకి కావాల్సింది ఈ శనివారం. అందుకే నోట్‌బుక్‌లో రెండు కాలమ్‌లు పెట్టండి: ఒకటి డ్రాఫ్ట్‌కి పనికొచ్చేవాడా, రెండోది ఇప్పుడు ఏం చేశాడు. రెండూ కలిపి ఒకే మార్కు వేయొద్దు.

మొదటి ఏడాది కుర్రాడి గురించి ఆరు నెలల్లో తీర్పు చెప్పకండి. కాలేజీలో ఆడటానికి ఒక్కొక్కరికి ఇన్ని సీజన్లే అని లెక్క ఉంటుంది. ఒక సీజన్‌ని అందులోంచి ఖర్చు కాకుండా దాచుకోవడాన్ని రెడ్‌షర్ట్ అంటారు. 2018 నుంచి నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా ఆ రెడ్‌షర్ట్ ఉంచుకోవచ్చు. నవంబర్‌లో ఎవరిని ఆ నాలుగుకి దింపారో చూడండి. కోచ్‌కి వచ్చే ఏడాది ఎవరి మీద గురి ఉందో అక్కడ కనబడుతుంది.

పోర్టల్ ద్వారా వచ్చినవాళ్ళకి వేరే పేజీ పెట్టండి. ఇండియానా యూనివర్సిటీ జట్టు 2023లో మూడే గెలిచింది. కొత్త కోచ్ కర్ట్ సిగ్నెట్టి తన పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ ఆటగాళ్ళని వెంట తెచ్చుకున్నాడు, 2024లో 11 గెలిచారు. వాళ్ళు ఆ కాలేజీకి కొత్త, ఆ కోచ్‌కి పాత. కాబట్టి వచ్చినవాడు ముందు ఎవరి కింద ఆడాడు, అక్కడ ఎన్ని స్నాప్‌లు, ఇక్కడ అదే స్థానమా అన్నవి రాయండి.

ఆగస్టు చివర్లో, ఏ స్థానంలో ఎవరు ముందు, ఎవరు తర్వాత అని చెప్పే మొదటి డెప్త్ చార్ట్ వస్తే నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చూడండి. కొన్ని చోట్ల రెండు పేర్ల మధ్య "లేదా" అని ఉంటుంది. అంటే ఆ స్థానం ఇంకా తేలలేదు. అది లైన్‌లో కనబడితే ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టండి, మొదటి మ్యాచ్‌లో కళ్ళు అక్కడే పెట్టండి.