మాట పెగలని రోగి నొప్పిని కొలవడం: మానిటర్ అంకెలను ఎలా చదవాలి

తలపోటు, పంటి సలుపు, కాళ్ళ పీకు, కడుపులో మంట అని రోగి చెప్పే ఒక్కొక్క మాటా వైద్యుడికి ఒక్కొక్క దారి చూపిస్తుంది. గొంతులో గొట్టంతో వెంటిలేటర్ మీద పడుకున్న రోగికి ఆ మాట ఉండదు. పడక పక్కనున్న మానిటర్ మీద పల్స్ 84 నుంచి 112కు పెరిగినప్పుడు అది నొప్పా, జ్వరమా, భయమా, లోపల ఎక్కడైనా రక్తస్రావమా అన్నది ఆ అంకె చెప్పదు. దాన్ని తేల్చవలసింది పక్కన నిలబడిన మనిషే. ఐసియులో పనిచేసే నర్సులనూ నర్సింగ్ విద్యార్థులనూ దృష్టిలో పెట్టుకొని ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. లోపల తమవారిని ఉంచి బయట కూర్చున్న కుటుంబ సభ్యులకు కూడా ఇందులో కొంత పనికివస్తుంది.

ముందుగా ఒక తేడా తెలియాలి. గాయమైన చోట పుట్టిన సంకేతం నరాల గుండా వెన్నుపాముకూ మెదడుకూ చేరడం ఒకటి, మనిషి దాన్ని బాధగా అనుభవించడం మరొకటి. పరికరాలు పట్టుకునేది ఆ సంకేతానికి మన అధీనంలో లేని నాడులు ఇచ్చే జవాబును మాత్రమే. నొప్పిపై పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనం నొప్పిని శారీరక, మానసిక అనుభవంగా చెబుతూనే, మాట్లాడలేకపోయినంత మాత్రాన మనిషికి నొప్పి లేదని అనుకోరాదని స్పష్టం చేసింది. 1940లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో హార్డీ, వుల్ఫ్, గూడెల్ అనే ముగ్గురు పరిశోధకులు నుదుటి మీద వేడిని ప్రసరింపజేసి నొప్పిని కొలిచే పరికరం తయారుచేశారు, తరువాత నొప్పికి ‘డోల్’ అనే ప్రమాణం కూడా ప్రతిపాదించారు. వైద్యంలో ఆ ప్రమాణం నిలవలేదు. జ్వరానికి డిగ్రీలున్నట్టు నొప్పికి ఒక ప్రమాణం ఇప్పటికీ లేదు కాబట్టి, మనం చేయగలిగింది అదే రోగిలో ముందుకూ తరువాతకూ వచ్చిన మార్పును జాగ్రత్తగా చూడడమే.

మొదటి పని, రోగి నిజంగా ఏమీ చెప్పలేని స్థితిలో ఉన్నారో లేదో నిర్ధారించుకోవడం. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో చాలామంది కళ్ళు తెరిచి, మన మాట విని, తల ఊపగలరు. ‘అమ్మా, నొప్పిగా ఉందా? ఉంటే తల ఊపండి’ అని నెమ్మదిగా అడగాలి. 0 నుంచి 10 వరకు పెద్ద అంకెలు రాసిన అట్టను ఎదురుగా పట్టుకుంటే కొందరు వేలితో చూపిస్తారు. కళ్ళద్దాలు, వినికిడి యంత్రం వాడే అలవాటు ఉన్నవారికి అవి పెట్టిన తరువాతే అడగాలి. రోగి స్వయంగా ఇచ్చిన జవాబుకు ఏ పరికరపు అంకే సమానం కాదు. అందువల్ల ఈ మెట్టును దాటవేయడం నా దృష్టిలో పెద్ద తప్పు.

జవాబు రాదని తేలినప్పుడు, రోగి కదలకుండా విశ్రాంతిగా ఉన్న సమయంలో ఒక పూర్తి నిమిషం గమనించి పల్స్, బీపీ, నిమిషానికి శ్వాసల సంఖ్య, రక్తంలో ఆక్సిజన్ శాతం, శరీర ఉష్ణోగ్రత, మత్తు ఎంత లోతుగా ఉందన్నది, ఆ గంటలో నడుస్తున్న మందులు అన్నీ రాసుకోవాలి. ఈ ఆధార కొలత లేకుండా తరువాత వచ్చే ఏ అంకెకూ అర్థం ఉండదు.

ఇక అసలు చిక్కు ఇక్కడే ఉంది. పల్స్‌నూ బీపీనీ పెంచేవి ఎన్నో ఉన్నాయి: జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, ఆక్సిజన్ తగ్గడం, నిండిన మూత్రాశయం, మెలిపడిన మూత్రపు గొట్టం, నార్ అడ్రినలిన్ వంటి మందు. మరోవైపు గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ వంటి మందులు వాడుతున్నవారిలో, పేస్‌మేకర్ ఆధారంగా గుండె కొట్టుకుంటున్నవారిలో, ఏళ్ళ తరబడి చక్కెర వ్యాధి ఉండి నాడులు దెబ్బతిన్నవారిలో ఎంత నొప్పి ఉన్నా పల్స్ పెద్దగా కదలకపోవచ్చు. వెన్నుపాము పై భాగంలో దెబ్బతిన్న రోగికి మూత్రాశయం నిండితే, ఆ బాధ తెలియకుండానే బీపీ ప్రమాదకరంగా పెరిగి, పల్స్ తగ్గవచ్చు. ఈ కారణాల వల్లనే అమెరికాలోని క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు, పల్స్, బీపీ వంటి వాటిని మాత్రమే చూసి నొప్పి ఉందని గానీ లేదని గానీ తేల్చరాదని, అవి మరింత పరిశీలన మొదలుపెట్టడానికి సూచనగా మాత్రమే ఉపయోగపడతాయని చెప్పాయి. పొట్ట లోపల రక్తస్రావం వల్ల పల్స్ పెరిగిన రోగికి నొప్పి అనుకొని మార్ఫిన్ ఇస్తే బీపీ ఇంకా పడిపోతుందన్నది తలచుకుంటే, ఈ హెచ్చరిక విలువ అర్థమవుతుంది.

ఆ మరింత పరిశీలనకు ఐసియులలో ఎక్కువగా వాడే కొలమానం సీపాట్. కెనడాలో రూపొందిన దీనిని 2006లో ప్రచురించారు. ముఖం, శరీర కదలికలు, కండరాల బిగువు, వెంటిలేటర్‌తో సర్దుబాటు అనే నాలుగు అంశాలకు ఒక్కొక్కదానికి 0 నుంచి 2 వరకు మార్కులుంటాయి. మొత్తం 8కి 3 లేదా అంతకు మించి వస్తే నొప్పి ఉన్నట్టు భావించాలి. దీన్ని విశ్రాంతిలో ఒకసారి, పక్క మార్చేటప్పుడో కఫం లాగేటప్పుడో ఒకసారి వేయాలి. కండరాల బిగువు దూరం నుంచి కనిపించదు కాబట్టి, రోగి మోచేతిని మెల్లగా వంచి చాపి చూడాలి.

ఉదాహరణకు, పొట్ట ఆపరేషన్ అయిన రోగికి విశ్రాంతిలో పల్స్ 84, బీపీ 126/78, సీపాట్ 0 ఉన్నాయనుకుందాం. పక్క మార్చగానే పల్స్ 112, బీపీ 158/90 అయ్యాయి. నుదురు ముడిపడి కళ్ళు గట్టిగా మూసుకుపోతే 2, చేయి కుట్ల మీదికి వెళితే 1, మోచేయి బిగుసుకుంటే 1, దగ్గినా వెంటిలేటర్ శ్వాసను తీసుకుంటూనే ఉంటే 1, కలిపి 5. ఇక్కడ అంకెలూ ముఖమూ ఒకే మాట చెబుతున్నాయి, పైగా మార్పు కదిలించిన క్షణంలోనే వచ్చింది. అలా కాక, ఎవరూ ముట్టుకోకుండానే పల్స్ 112 ఉండి, ముఖం ప్రశాంతంగా ఉండి, ఒళ్ళు కాలిపోతూ ఉంటే ముందు వెతకవలసింది నొప్పిని కాదు, జ్వరానికి కారణాన్ని.

వైద్యుడు చెప్పిన నొప్పి మందు ఇచ్చిన తరువాత మళ్ళీ కొలిచే సమయం ముఖ్యం. నరంలోకి ఇచ్చిన ఫెంటానిల్ ప్రభావం సుమారు 5 నిమిషాల్లో, మార్ఫిన్ ప్రభావం సుమారు 20 నిమిషాల్లో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ సమయానికి అదే కదలికను మళ్ళీ చేసి, అదే క్రమంలో మార్కులు వేయాలి. రోగి ప్రశాంతంగా పడుకున్నప్పుడు వేసిన మార్కును, పక్క మార్చినప్పుడు వేసిన మార్కుతో పోల్చి మందు పనిచేసిందని రాయడం నేను తరచుగా చూసే పొరపాటు.

కండరాలను పూర్తిగా సడలించే మందు నడుస్తున్న రోగికి సీపాట్ పనికిరాదు. ముఖం కదలదు, చేయి బిగుసుకోదు, దగ్గు రాదు, కానీ నొప్పి తెలియవచ్చు. పల్స్, బీపీ, చెమట, కళ్ళ వెంట నీరు తప్ప ఇక్కడ మనకు వేరే ఆధారం మిగలదు కాబట్టి, ఆపరేషన్, గాయం, పక్క మార్చడం వంటి నొప్పి కలిగించే కారణం ఉంటే నొప్పి ఉన్నట్టే భావించి ముందుగానే మందు అడగాలి.

నొప్పి సంకేతాలను అంకెగా చూపే ప్రత్యేక పరికరాలు ఎక్కువగా ఆపరేషన్ థియేటర్లలో, మత్తులో ఉన్నవారికి ఉపయోగపడుతున్నాయి. వాటిలో ఏఎన్ఐ అనే పరికరం గుండె కొట్టుకునే వ్యవధుల్లో శ్వాసతో పాటు వచ్చే హెచ్చుతగ్గులను చదివి 0 నుంచి 100 లోపు అంకె ఇస్తుంది, అది 50 కంటే తగ్గితే నొప్పి సంకేతాలు పెరిగినట్టు. నోల్ అనే మరో పరికరం వేలికి తగిలించే క్లిప్పుతో నాడి, చర్మపు విద్యుద్వాహకత, ఉష్ణోగ్రత, కదలికలను కలిపి లెక్కిస్తుంది, ఇందులో అంకె 25 దాటితే గమనించాలి. రెండు పరికరాల దిశలు ఒకదానికొకటి వ్యతిరేకమన్న సంగతి డ్యూటీ మారేటప్పుడు తప్పక చెప్పుకోవాలి. గుండె లయ తప్పిన రోగిలో ఏఎన్ఐ అంకెను నమ్మరాదు. అరచేతి చెమటను కొలిచే పరికరం నొప్పి కలిగిన కొన్ని సెకన్లలోనే స్పందిస్తుంది, కానీ భయానికీ పెద్ద శబ్దానికీ కూడా అలాగే స్పందిస్తుంది, చెమటను ఆపే అట్రోపిన్ మందు ఇచ్చిన తరువాత మూగబోతుంది. కనుపాప విప్పారడాన్ని కొలిచేటప్పుడు మార్ఫిన్ జాతి మందులు దాన్ని కుదించివేస్తాయని గుర్తుంచుకోవాలి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో ఈ సంకేతాలు చరిత్రనే మార్చాయి. పసిగుడ్డులకు నొప్పి తెలియదన్న నమ్మకంతో వారికి తగినంత నొప్పి మందు లేకుండానే ఆపరేషన్లు చేసిన రోజులున్నాయి. భారత సంతతికి చెందిన వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు 1987లో ప్రచురించిన పరిశోధనలో, ఫెంటానిల్ ఇచ్చిన బిడ్డల రక్తంలో ఒత్తిడి హార్మోన్ల స్పందన తక్కువగా ఉందని, ఆపరేషన్ తరువాత చిక్కులు కూడా తగ్గాయని చూపారు. ఈ బిడ్డలకు వాడే పిప్ కొలమానంలో పల్స్, ఆక్సిజన్ శాతం ముఖ కదలికలతో పాటే లెక్కకు వస్తాయి. మడమ గుచ్చే ముందు 15 సెకన్లు, గుచ్చిన తరువాత 30 సెకన్లు చూడాలి. పల్స్ 5 నుంచి 14 పెరిగితే 1, 15 నుంచి 24 పెరిగితే 2, 25 లేదా ఆపైన పెరిగితే 3 మార్కులు. 28 వారాలలోపు పుట్టిన బిడ్డకు వయసును బట్టే 3 మార్కులు అదనంగా కలుపుతారు, ఎందుకంటే అంత లేత ముఖానికి నొప్పిని చూపేంత శక్తి ఉండదు.

కుటుంబ సభ్యులను అడగడం కూడా ఈ కొలతలో భాగమే. ‘మా నాన్నగారు నొప్పి వస్తే పెదవి కొరుక్కుంటారు’ అని కూతురు చెప్పిన మాటను చార్టులో రాసి పెడితే, రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సు ఆ పెదవిని చూస్తుంది. చార్టులో ‘నొప్పి ఉంది’ అని మాత్రమే రాయకుండా ఇలా రాయాలి: ‘రాత్రి 9.10, విశ్రాంతిలో సీపాట్ 0, పల్స్ 84. 9.15, పక్క మార్చేటప్పుడు సీపాట్ 5, పల్స్ 112. 9.20, ఫెంటానిల్. 9.26, మళ్ళీ పక్క మార్చగా సీపాట్ 2, పల్స్ 92.’