మేక తలకాయతోని ఇసి ఎవు, మన ఇంట్లనే

ఇగ్బో భాషల ఇసి అంటే తల, ఎవు అంటే మేక. నైజీరియా ఆగ్నేయం దిక్కు ఇగ్బో వాళ్ల వంట ఇది, మన తలకాయ కూర ఇష్టమున్నోళ్లు తప్పకుండ చేస్కోవాలె.

హన్మకొండల మటన్ కొట్టు కాడ పొట్టేలుది కాకుండ మేకదే అడిగి మంచిగ కాల్పిచ్చి ముక్కలు కొట్టియ్యమనాలె, మెదడు మాత్రం వేరే తీస్కోండి. ఉప్పు, ఉల్లిగడ్డ, మిరపకాయ ఏసి ముక్కలు మెత్తగయ్యేదాంక ఉడకనియ్యాలె, ఎక్కువ నీళ్లు పొయ్యకుర్రి. మెదడును చిన్న గిన్నెల పక్కకు ఉడికియ్యాలె.

అసలు పనంత నూనెతోనే. ఎర్ర పామాయిలే కావాలె, ఆన్‌లైన్ల దొరుకుతది, మనం పూరీలకు వాడే పామాయిల్‌కు ఆ రంగు, రుచి రావు. వాళ్లు అండ్ల అకన్వు అనే ఒక తీరు క్షారపు ఉప్పు కరిగిచ్చిన నీళ్లు కలుపుతరు, నేనైతే పావు చెంచా వంటసోడా అర కప్పు నీళ్లల్ల కలిపి, తేరుకున్నంక పైనీళ్లు కొన్ని కొన్ని పోస్కుంట గంటెతోని తిప్పుత, సూస్తుండంగనే ఎర్ర నూనె పసుప్పచ్చగయ్యి మీగడ లెక్క చిక్కబడ్తది, అది సూస్తేనే మస్తు సంబురమైతది! అండ్ల మెదడు మెదిపి, ఎండు రొయ్యల పొడి, వాళ్లు ఏసే ఎహురు అనే మసాలా గింజలకు బదులు జరంత జాజికాయ ఏసి ముక్కలు కలిపి ఏడిజెయ్యాలె.

పైన ఉల్లిగడ్డ చక్రాలు, చేదుకు వాళ్లు ఉటాజి ఆకు సన్నగ తరిగి ఏస్తరు, నేను లేత మెంతాకు ఏస్త. వాళ్లు చెక్క గిన్నెల పెట్టుకొని దోస్తులంత కలిసి తింటరు. మా ఇంట్ల పెద్ద తాంబాళం నడుమ పెడ్తే బావ, తమ్ముడు, అమ్మ అందరం చుట్టు కూసుంటం, నాలుక ముక్క మాత్రం అమ్మకే.